సంఖ్యా ప్రహేళికలు – ఏకోత్తరత్వ విచారము

ప్రస్తావన

ప్రహేళికకు మన ఆలంకారికులు గొప్ప గౌరవ మొసగలేదు. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథ కవిరాజు సాహిత్యదర్పణమున దానిని రసమునకు అడ్డు తగులునదిగా భావించి, అలంకారపంక్తిలో చేర్చ నిరాకరించెను. అంతకు పెక్కు శతాబ్దుల పూర్వము దండి కావ్యాదర్శపు మూడవ పరిచ్ఛేదమున దానికి కొంత చోటు కల్పించెను. క్రీడాగోష్ఠులలో వినోదించుటకును, జనమధ్యమున తెలిసినవారితో రహస్యముగ మాటలాడుటకును, ఎదుటివారిని భ్రమింపజేయుటకును అది ఉపకరించునని అతడు ప్రయోజనములను గూడ చెప్పెను. ఒకరు దానిని వెలివేసిరి; వేఱొకరు ఆటస్థలమున కూర్చుండబెట్టిరి. ప్రహేళిక సత్యనిర్ణయమునకు పనికివచ్చునా యను ప్రశ్న ఈ రెండు మతములలోను పుట్టలేదు. ఆ ప్రశ్నను అంకెల ప్రహేళికల విషయమున వేసి చూచుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

సంఖ్యా ప్రహేళిక యను మాటను మేము రెండర్థములలో వాడుచున్నాము. సంఖ్యలచేత ఒక వస్తువును మఱుగుపఱచునది మొదటిది. సూచనలచేత ఒక సంఖ్యనే మఱుగుపఱచునది రెండవది. రెండింటికిని సామాన్యమైన ధర్మ మొకటి కలదు. సాధారణమైన పొడుపుకథకు ఉత్తరము వాడుకచేత సిద్ధించును. పెద్దలు చెప్పినదే సమాధానము. సంఖ్యా ప్రహేళికకు ఉత్తరము తర్కముచేత సిద్ధింపవలయును. ఎవరు చెప్పినను లెక్క కుదిరిననే సమాధానము. ఈ భేదమును పాటింపకుండుటచేతనే మన పొడుపుకథల సంపుటములలో అంకెల పొడుపులు తక్కిన వానితో కలిసిపోయి, చివర ఉత్తరమాత్రముతో అచ్చగుచున్నవి. ఉత్తరము ఎట్లు వచ్చినదో, అది తప్ప వేఱొకటి ఏల కాదో చెప్పు ఆచారము ఏర్పడలేదు.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది గోదావరిఖని. 1960 ప్రాంతమున బొగ్గుగనులు తెఱవబడిన పిదప రామగుండము చెంత పెరిగిన ఈ పట్టణమున అంకెలు పేర్లవలె చెల్లుచున్నవి. గనులను ఏడవ బాయి, పదకొండవ బాయి యని పిలుచుట ఇచ్చటి వ్యవహారము. ఎనిమిదవ ఇంక్లైను కాలనీ యనునది ఒక నివాసస్థలము పేరు. భూగర్భగనిలోనికి దిగు కార్మికుడు ల్యాంపురూములో తన నంబరుగల టోపీదీపమును తీసికొని, పని ముగించి పైకి వచ్చినపుడు దానిని మరల ఒప్పగించును. అంకె ఇచ్చట మనుష్యునకు బదులుగా నిలుచున్నది. ఇట్టిచోట ఒక సూచనకు రెండు సంఖ్యలు కుదిరిన నేమగును అను ప్రశ్న ఆటమాత్రముగ నిలువదు.

దండి చూపిన సంఖ్యాత

దండి పూర్వాచార్యులు చెప్పినవిగా 16 ప్రహేళికాభేదములను పేర్కొనెను. అందు 'సంఖ్యాత' యనునది ఒకటి. లెక్కయే వ్యామోహమునకు కారణమైనచో అది సంఖ్యాత. దానికి అతడిచ్చిన ఉదాహరణమున విషయమిది: ఒక పురము కలదు, దాని పేరున నడుమ అనునాసికము, దాని చుట్టును నాలుగు వర్ణములు, అందలి నృపుల పేరు ఎనిమిది వర్ణములది. ఆ పురమేది? ఆ నృపులెవరు?

సంప్రదాయసిద్ధమైన ఉత్తరము కాంచియు, పల్లవులును. లెక్క చూతము. కాఞ్చీ యను పదమున క్, ఆ, ఞ్, చ్, ఈ అని అయిదు వర్ణములు. నడిమిది అనునాసికము; అటు రెండు, ఇటు రెండు. పల్లవాః అను బహువచనరూపమున ప్, అ, ల్, ల్, అ, వ్, ఆ, విసర్గము అని ఎనిమిది. లెక్క సరిపోయినది. దండి పల్లవుల కాంచీపురమునకు సంబంధించినవాడను ప్రసిద్ధియు దీనికి తోడగుచున్నది. చదువరి తృప్తిపడి ముందునకు సాగును.

విమర్శకుడు ఇచ్చటనే ఆగవలయును. ఉత్తరము సరిపోయినది, నిజమే. అది యొక్కటియే సరిపోవునా? మొదటి సూచనను పట్టి వెదకినచో పంపా యను పదమును ప్, అ, మ్, ప్, ఆ అని అయిదు వర్ణములుగ విడిపోవును, నడిమిది అనునాసికమే. కాని పంపను సరస్సుగనే ఎక్కువగ ఎఱుగుదుము, దానిని విడుతము. లంక మాట యేమి? లఙ్కా యను పదమున ల్, అ, ఙ్, క్, ఆ. అనునాసికము నడుమ నున్నది. నాలుగు వర్ణములు చుట్టునున్నవి. లంక పురమనుటకు సందేహము లేదు. ఇక రెండవ సూచన. లంక నేలినవారు రాక్షసులు. రాక్షసాః అను రూపమున ర్, ఆ, క్, ష్, అ, స్, ఆ, విసర్గము, సరిగా ఎనిమిది. రెండు సంఖ్యలును కుదిరినవి. అంకెలు మాత్రమే సాక్ష్యమైనచో దండి ప్రహేళికకు కాంచియు ఉత్తరమే, లంకయు ఉత్తరమే.

ఈ రెండింటిలో ఒకదానిని తొలగించునది ఏది? అంకె కాదు, నృపశబ్దము. నృపుడనగా నరులను పాలించువాడు. రాక్షసులు నరపాలకులు కారు. పురము కలదు అను వర్తమానక్రియయు కాంచికే అనుకూలము. దండి నాటికి కంటి యెదుట నున్న పురమది. కాబట్టి ప్రహేళిక నిర్దుష్టమే. కాని దాని నిర్దుష్టత మన మనుకొనిన చోట లేదు. నాలుగు, ఎనిమిది అను సంఖ్యలు మన దృష్టి నాకర్షించుచుండగా, నిర్ణయభారమును చిన్న నామవాచక మొకటి మోయుచున్నది. సంఖ్య వ్యామోహకారణమని దండి చెప్పిన లక్షణము ఇచ్చట మఱింత లోతుగ సార్థకమగుచున్నది. లెక్క కుదిరినదను సంతోషమే వ్యామోహము.

దీనివలన మేము గ్రహించిన నియమమిది. ప్రహేళికకు ఉత్తరము చెప్పుటతో పని సగమే అయినది. ఆ ఉత్తరమునకు ప్రత్యర్థి యేదైన కలదా యని వెదకి, ఉన్నచో దానిని తొలగించు సూచనను ప్రహేళికయందే చూపుట తక్కిన సగము. ఇట్లు ఒకే ఉత్తరమునకు చోటిచ్చు గుణమును ఏకోత్తరత్వ మందుము. పూర్వులు 14 దుష్ట ప్రహేళికలను గూడ చెప్పిరని దండి సూచించి, దోషములు లెక్కకు అందవను తలంపుతో వానిని వివరింపక విడిచెను. ఆ విడిచిన చోట ఒక దోషమునకైనను లక్షణము చెప్పవలసినచో, రెండు ఉత్తరములకు చోటిచ్చుటయే అంకెల ప్రహేళికకు ముఖ్యదోషమని మా అభిప్రాయము.

గణితసంప్రదాయమును, పావురముల పొడుపును

సంఖ్యనే మఱుగుపఱచు రెండవజాతి ప్రహేళికలకు మన సాహిత్యమున గణితగ్రంథములు పుట్టినిల్లు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున ఒక సంఖ్యను ఇట్లు వర్ణించుట కలదు: ఒకటితో మొదలై ఆఱువరకు వరుసగ పెరిగి, అటుపిమ్మట వరుసగ తగ్గునది. అది 12345654321. అంకెల పేర్లన్నియు చెప్పక, అంకెల నడక చెప్పి సంఖ్యను పట్టించుట ఇందలి చమత్కారము. 111111 ను అంతే సంఖ్యచే గుణించినచో ఇదియే వచ్చును. వర్ణన చిన్నది, సంఖ్య పెద్దది, అయినను వేఱొక సంఖ్యకు చోటు లేదు.

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. తెలుగున మనకు దక్కిన తొలి శాస్త్రగ్రంథములలో ఇది యొకటి. మూలమునందలి జైనపరమైన ఉదాహరణములను మల్లన శైవపరముగ మార్చుటయు, మూలమున లేని లెక్కలను చేర్చుటయు సాహిత్యచరిత్ర పాఠకులకు తెలిసినదే. మాకిందు ముఖ్యముగ తోచున దొకటి. దేవతలు మాఱిరి, పువ్వులు, పూజలు, భక్తులు మాఱిరి, లెక్క మాఱలేదు. కథను మార్చినను చెడనిది సంఖ్యా ప్రహేళికలోని ఎముక. కావ్యానువాదమున ఇట్టి పరీక్ష దుర్లభము. గణితపద్యమున అనువాదము సరియో కాదో ఉత్తరమే చెప్పును.

జనవ్యవహారమున బహుళముగ వినబడు పావురముల పొడుపు ఈ సంప్రదాయమునకు చెందినదే. ఎగిరిపోవు పావురముల గుంపును చూచి ఒంటిపావురము, మీరు నూరుమందియా యని అడుగును. మేమును, మాయంతమందియు, మాలో సగమును, మాలో పాతికయు, నీవును కలిసిన నూరగుదుమని గుంపు బదులు పలుకును. గుంపున ఎన్ని? ఊహించుటకు పూనుకొనువారు ముప్పది, నలువది యని తడుముకొందురు. తర్కించువారు పాతిక పావురముగ విడిపోరాదు గనుక గుంపు నాలుగుచే భాగింపబడవలెనని మొదట గ్రహింతురు. గుంపును 4 అనుకొందము. అపుడు 4, మరల 4, అందు సగము 2, పాతిక 1, మొత్తము 11. ఒంటిపావురమును తీసివేసిన రావలసినది 99. 99 లో 11 తొమ్మిది మారులు కలదు. కాబట్టి గుంపు 4 కు తొమ్మిది రెట్లు, 36. భాస్కరాచార్యుని లీలావతిలో ఇష్టకర్మ యని పేర్కొనబడిన పద్ధతి ఇదియే. పొడుపు విప్పిన ముసలమ్మకు ఇష్టకర్మ యను పేరు తెలియకపోవచ్చును, పని తెలియును.

ఈ పొడుపున ఏకోత్తరత్వము అంకగణితముచేతనే సిద్ధించుచున్నది. గుంపు పెరిగిన మొత్తము పెరుగును, తగ్గిన తగ్గును. నూఱునకు సరిపోవు గుంపు ఒక్కటియే. ప్రత్యర్థిని వేఱుగ వెదకవలసిన శ్రమ లేదు. అంకెలను విడివిడిగ సూచించు ప్రహేళికలలో ఈ సౌలభ్యముండదు. కనుకనే వానిని ప్రత్యేకముగ పరిశీలింపవలసియున్నది.

దీపపు నంబరు

గోదావరిఖనిలో మా విద్యార్థులలో పలువురు గనికార్మికుల బిడ్డలు. వారికి పరిచితమైన వస్తువుతో మేమొక ప్రహేళికను కట్టి తరగతిలో నుంచితిమి. ఒక కార్మికుని దీపపు నంబరున మూడు అంకెలు, మూడును వేర్వేరు. సూచనలు నాలుగు. మొదటిది: 492 లో ఒక్క అంకె మాత్రమే సరియైనది, అది తన స్థానముననే యున్నది. రెండవది: 175 లో రెండంకెలు సరియైనవి, రెండును తప్పు స్థానములలో నున్నవి. మూడవది: 538 లో ఒక్కటియు సరికాదు. నాలుగవది: దీపపు నంబరు 3 చే నిశ్శేషముగ భాగింపబడును.

విద్యార్థులలో అధికులు మొదటి రెండు సూచనలపై మొగ్గిరి. కొందఱు మూడవ సూచనను చదివి విడిచిరి. అందేమియు సరికాదని చెప్పినపుడు దానివలన తెలియునదేమని వారి తలంపు. ఆ విడిచినవారిలో ఒకడు 591 అని చెప్పెను. అతని లెక్క మూడు సూచనలకు కుదిరినది: 9 నడిమి స్థానమున నున్నది, 1, 5 తమ స్థానములు తప్పియున్నవి, అంకెల మొత్తము 15 గనుక 3 చే భాగింపబడును. వాని సంతోషము దండి చెప్పిన వ్యామోహమే. వెనుక బల్లపై కూర్చుండిన వేఱొకడు 417 అని చెప్పి, "రెండు నంబర్లొస్తే ఎట్ల సార్? ఒక నంబరు ఇద్దరికి ఉండది గద" అనెను. మేము చెప్పదలచిన లక్షణమును వాడు తన యింటి భాషలో మాకంటె ముందుగ చెప్పినాడు.

సాధన క్రమమిది. ఏమియు సరికాదనిన మూడవ సూచననుండియే మొదలిడవలయును. 538 లో ఏదియు లేదు గనుక 5 లేదు. 175 లో రెండు సరియైనవి. 5 పోగా మిగిలినవి 1, 7. ఆ రెండును దీపపు నంబరున ఉన్నవి. మూడవ అంకె 492 లోనిది కావలయును. ఇక స్థానములు. 1 వందలస్థానమున ఉండరాదు. 7 పదులస్థానమున ఉండరాదు. 4 వందలస్థానమున నున్నచో 417. 9 పదులస్థానమున నున్నచో 791. 2 ఒకట్లస్థానమున నున్నచో 712. ఈ మూడును మొదటి మూడు సూచనలకు సమముగ సరిపోవుచున్నవి. అంకెల మొత్తములు వరుసగ 12, 17, 10. 3 చే భాగింపబడునది 12 ఒక్కటియే. కాబట్టి 417.

మన నైయాయికులు దీనిని పరిశేషానుమాన మందురు. కాదగినవానినన్నిటిని ముందుంచుకొని, కానివానిని త్రోసివేయగా మిగిలినది అగుట. ఇందు నిషేధమునకు విధికంటె తక్కువ విలువ లేదు. మూడవ సూచనను విడిచిన విద్యార్థి చేసిన తప్పు, నిషేధవాక్యము ఏమియు తెలుపదని అనుకొనుట. నిజమునకు తాళమును తెఱచినది అదియే.

ఇట్టి ప్రహేళిక బాగుగ కుదిరినదో లేదో తెలిసికొనుటకు ఒక పరీక్షను ప్రతిపాదించుచున్నాము. ఒక్కొక్క సూచనను తీసివేసి ఉత్తరములను లెక్కింపవలయును. మొదటి సూచన తీసివేసినచో 417, 714, 741 మూడును ఉత్తరములే. రెండవది తీసివేసినచో 471 మొదలైనవి పెక్కు వచ్చును. మూడవది తీసివేసినచో 417, 591, 597. నాలుగవది తీసివేసినచో 417, 791, 712. నాలుగును ఉన్నచో 417 మాత్రమే. కాబట్టి ఏ సూచనయు వ్యర్థము కాదు. అన్నియు కలిసిన ఉత్తర మొకటియే. కావ్యమున పదమును తీసివేసినను అర్థము చెడనిచో ఆ పదమును అధికపదమందుము. అదే న్యాయమిచ్చట సూచనకు వర్తించును.

మా ప్రహేళికయందలి లోపమును గూడ దాచుట తగదు. మూడవ సూచనలో 538 అని మూడంకెలు చెప్పితిమి. పని చేయునది 5 మాత్రమే. 3, 8 అనునవి లేకున్నను ఉత్తరము మాఱదు. అవి అధికపదములు కావా? ఒకవిధముగ అగును. కాని 5 లేదని సూటిగ చెప్పినచో ప్రహేళిక అచ్చటనే విడిపోవును. పనిచేయని రెండంకెల నడుమ పనిచేయు అంకెను నిలుపుట మఱుగుపఱచుటయే కాని అబద్ధమాడుట కాదు. ప్రహేళికాకర్తకు దాచు స్వేచ్ఛ కలదు. రెండు తలుపులు తెఱచియుంచు స్వేచ్ఛ లేదు. ఈ హద్దును గుర్తించినపుడే గూఢతకును దోషమునకును గల భేదము తెలియును.

శాసనకాలనిర్ణయము

ఇంతవఱకు చెప్పినది తరగతిగది వినోదమని తలంచువారికి మన చదువులోనిదే యగు వేఱొక ఉదాహరణమును చూపుదుము. శాసనములలోను, కావ్యాంతములలోను సంవత్సరములను అంకెలకు మాఱుగ పదములతో చెప్పుట మన పూర్వుల అలవాటు. ఇందు రెండు పద్ధతులు ముఖ్యములు. కటపయాది పద్ధతిలో అక్షరమునకు అంకె నియతము. మేళకర్తలలో ధీరశంకరాభరణమునకు ధీ 9, ర 2. అంకెలకు వామగతి గనుక 29. అక్షరమునుండి అంకెకు పోవునపుడు సందేహము లేదు. భూతసంఖ్యాపద్ధతిలో పదార్థమే అంకెకు గుర్తు: చంద్రుడు 1, నేత్రములు 2, బాణములు 5. ఇచ్చట సందేహమునకు చోటు కలదు. రసములు షడ్రుచులైన 6, కావ్యరసములైన 9. సముద్రములు నాలుగనుటయు కలదు, ఏడనుటయు కలదు.

రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనమున ఆయన పట్టాభిషేక శకవత్సరము వేద, అంబురాశి, నిధి అను పదములతో చెప్పబడినది. వేదములు 4, నిధులు 9. వీనిలో చిక్కు లేదు. అంబురాశి సముద్రము; 4 కావచ్చును, 7 కావచ్చును. వామగతిని చదువగా 944 గాని, 974 గాని కావలయును. అనగా క్రీస్తుశకము 1022 గాని, 1052 గాని. తెలుగు సాహిత్యచరిత్రలో ఆదికవి పోషకుని కాలము ఒక్క పదముపై ముప్పది యేండ్లు ఊగులాడుచున్నది. ఇదియు దీపపు నంబరువంటి ప్రహేళికయే.

శాసనకర్త తక్కిన సూచనలను గూడ ఇచ్చినాడు: సూర్యుడు సింహరాశిలో నుండగా, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారము. 944 ను గ్రహించినచో ఆ దినము 1022 ఆగస్టు 16 అగును. లెక్కింపగా అది గురువారమే. సరిపోయినది. కాని సరిపోవుట చాలదని దండి ప్రహేళికయందు నేర్చితిమి. ప్రత్యర్థియగు 974 ను తొలగించు సాక్ష్యము కావలయును. నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనము రాజరాజు పాలనలో 32వ యేటిది. పట్టాభిషేకము 1052 లో జరిగినచో ఆ 32వ యేడు 1083 ప్రాంతమున పడును. అప్పటికి రాజరాజు కుమారుడు కులోత్తుంగుడు 1070 మొదలుకొని చోళసింహాసనమున నున్నాడు. తండ్రి పాలన ముగిసి చాలకాలమైనది. కాబట్టి 974 పొసగదు. అంబురాశి ఇచ్చట నాలుగే. శకము 944 ఏ.

ఇందొక జాగ్రత్తను చెప్పవలయును. నందంపూడి శాసనకాలము 1053 అని మనము వ్రాయుచున్నాము. ఆ సంవత్సరము 1022 నుండి లెక్కించి తేలినది. దానినే 1022 కు సాక్ష్యముగ చూపినచో ఉత్తరమును తెచ్చి సూచనలలో కలిపినట్లగును. మేము గ్రహించినది 32వ యేడను సూచనను, కులోత్తుంగుని కాలమును మాత్రమే. కవికాలనిర్ణయములలో ఈ దోషము అరుదు కాదు. ఒక కవి కాలమును వేఱొక కవివలన తేల్చి, ఆ వేఱొక కవి కాలమును మొదటివానివలన బలపఱచుట మనము ఎఱుగనిది కాదు. అంకెల ప్రహేళికను న్యాయముగ విప్పుట నేర్చినవాడు ఈ పనిని చూచినంతనే పట్టుకొనగలడు.

ఉపసంహారము

ఈ విచారమున తేలినది మూడు మాటలలో చెప్పవచ్చును. అంకెల ప్రహేళికకు ఏకోత్తరత్వము ప్రాణము. ఆ గుణమును పరీక్షించుటకు సూచనను తీసిచూచుటయు, ప్రత్యర్థిని వెదకుటయు రెండు మార్గములు. ప్రహేళికకు విధించిన ఈ నియమములే పాఠనిర్ణయమునకును, కాలనిర్ణయమునకును విధింపదగినవి.

దీనివలన పొడుపుకథలన్నియు ఏకోత్తరములు కావలెనని మేము చెప్పుటలేదు. ఉపమానముపై నిలిచిన పొడుపునకు ఇద్దఱు పిల్లలు రెండు ఉత్తరములు చెప్పినచో అది ఆ పొడుపునకు సంపదయే. విశ్వనాథుడు ప్రహేళిక రసమునకు అడ్డనినపుడు కావ్యమునుద్దేశించి పలికెను. ఆ మాటను మేము కాదనము. కాని రసము లేనిచోట విలువయు లేదనుకొనుట తగదు. సత్యమును నిశ్చయించుకొనుటలో గల ఆనందము వేఱు. దానికి అంకెల ప్రహేళిక మంచి పాఠశాల. పొడుపుకథలను సేకరించి ప్రకటించువారు అంకెల పొడుపులను వేఱుగ నుంచి, ఉత్తరముతో పాటు ఉపపత్తిని గూడ అచ్చువేయింతురుగాక యని మా మనవి. ఉపపత్తిలేని ఉత్తరము వినికిడి మాత్రమే.

కడపట గోదావరిఖనికి మరల వచ్చెదము. 2003 జూన్ 16 న ఇచ్చటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ సంఖ్యను మేము ప్రహేళికగ తలపము; తలపరాదు. గనిలో ఆపద కలిగినపుడు దిగినవారెందఱు, వెలుపలికి వచ్చినవారెందఱు, లోపల మిగిలినవారెవరెవరు అను ప్రశ్నలకు ఊహతో బదులీయ వీలులేదు. ఒప్పగింపబడిన దీపములను తీసివేయగా మిగిలిన నంబర్లు లోపలివారివి. అదియును పరిశేషమే. ఒక నంబరు ఇద్దఱకు చెందినచో ఆ లెక్క యొక ఇంటివారిని మోసగించును. మా తరగతిలో వెనుక బల్లపై కూర్చుండిన కుఱ్ఱవానికి ఏకోత్తరత్వమను మాట తెలియదు. వాని కుటుంబము బ్రదుకుచున్న చోట దాని అర్థము ముందే తెలిసియుండెను. మేము వానికి పేరు మాత్రమే నేర్పితిమి.